తోడు వేశాక గిన్నెలో ఏం జరుగుతుంది?

రాత్రి గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేస్తాం. తెల్లారేసరికి గడ్డపెరుగు. ఈలోపు బ్యాక్టీరియా పాల చక్కెరను పులియబెడుతుంది. పనిలో పనిగా కేసీన్ అనే ప్రొటీన్‌ను కొంత తునకలు చేస్తుంది. ఆ తునకలే పెప్టైడ్లు. ప్రొటీన్ పూలదండ అనుకోండి. పెప్టైడ్ అందులోంచి తెంపిన రెండు మూడు పూలు. దండలో ఉన్నంతసేపూ వాటికి పనిలేదు. తెగితేనే పని.

1995లో జపాన్ పరిశోధకులు పులిసిన పాలలో ఇలాంటివి రెండు పట్టుకున్నారు. రక్తనాళాలు బిగుసుకునేలా చేసే ఒక ఎంజైమ్‌కు అవి అడ్డుపడతాయి. కొన్ని బీపీ మాత్రలు చేసేదీ అదే. కానీ మాత్రకున్న బలం వీటికి లేదు. ఆ పాలు తాగినవాళ్లలో కొందరికి బీపీ కాస్త తగ్గింది, కొందరికి తగ్గలేదు. అన్ని తోడులూ ఒకటి కావు కూడా. కాబట్టి పెరుగు తినండి, మాత్ర మానకండి. మళ్లీ చెబుతున్నా, మాత్ర మానకండి. మజ్జిగలో ఉప్పు మాత్రం తగ్గించండి. పక్కన ఆవకాయ ఉంటే, ఇంకాస్త తగ్గించండి.