క్రిస్పర్ సరే, జబ్బేంటి?

బయోటెక్ స్టార్టప్ పిచ్‌లలో ఒక తమాషా చూస్తుంటాను. మొదటి స్లైడ్‌లోనే "మేం క్రిస్పర్ వాడతాం" అని ఉంటుంది. ఏ జబ్బుకి అన్నది ఎక్కడో ఐదో స్లైడ్‌లో!

సికిల్ సెల్ తీసుకుందాం. మన ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఉన్న జబ్బే. బీటా గ్లోబిన్ జీన్‌లో ఒకచోట ఏ అనే డీఎన్ఏ అక్షరం బదులు టీ ఉంటుంది. ఒక్క అక్షరం. మార్చేస్తే సరిపోతుంది కదా? ఇక్కడే బయాలజీ తెలిసినవాళ్లు ఆగుతారు. జీన్‌లని మార్చే క్రిస్పర్‌లో కత్తెర క్యాస్9. అది డీఎన్ఏ రెండు పోగుల్నీ తెంపుతుంది, అతికించేది మాత్రం మన కణమే. ఆ హడావిడిలో కొన్ని అక్షరాలు పోతాయి, కొన్ని చేరతాయి. జీన్‌ని చెడగొట్టాలంటే భేషుగ్గా పనికొస్తుంది, దిద్దాలంటేనే చిక్కు. పోనీ, డేవిడ్ లియూ ల్యాబ్ నుంచి 2016, 2017లలో వచ్చిన బేస్ ఎడిటర్లు? అవి సీని టీ చేస్తాయి, ఏని జీ చేస్తాయి. టీని ఏ చెయ్యలేవు. 2019లో వచ్చిన ప్రైమ్ ఎడిటింగ్ చెయ్యగలదు, కానీ దాని సరంజామా పెద్దది, కణంలోకి చేర్చడం కష్టం.

మరి 2023లో బ్రిటన్, అమెరికా అనుమతించిన సికిల్ సెల్ చికిత్స క్యాస్‌జెవీ ఏం చేసింది? పాడైన అక్షరం జోలికే పోలేదు! కడుపులో ఉన్నప్పుడు మనకుండే హిమోగ్లోబిన్‌ని పుట్టాక ఆపేసే జీన్ ఒకటుంది, బీసీఎల్11ఏ. రక్తం తయారుచేసే మూలకణాల్లో దాని స్విచ్‌ని తెంపారు, పాత హిమోగ్లోబిన్ మళ్లీ మొదలైంది. ఆ జీన్ చేసే పనిని బోస్టన్‌లో స్టూవర్ట్ ఆర్కిన్ ల్యాబ్ 2008లోనే చూపించింది. క్యాస్9తో కోరిన చోట డీఎన్ఏ తెంపొచ్చన్న పేపర్ వచ్చింది ఆ తర్వాతే, 2012లో.

వెర్వ్ థెరప్యూటిక్స్ అనే స్టార్టప్ కథ ఇంకా బాగుంటుంది. ఫౌండర్లలో ఒకరైన శేఖర్ కతిరేశన్ గుండె డాక్టరు, జెనెటిక్స్ పరిశోధకుడు కూడా. పీసీఎస్‌కే9 జీన్ పుట్టుకతోనే పనిచెయ్యనివాళ్లకి చెడు కొలెస్ట్రాల్ తక్కువ, గుండెజబ్బులూ తక్కువ. అందుకే చెడగొట్టడానికి దాన్ని ఎంచుకున్నారు. రెండు పోగులూ తెగకుండా బేస్ ఎడిటర్ పెట్టుకున్నారు. అయినా 2024లో తొలి మందు ట్రయల్‌లో ఒకరి రక్తపరీక్షలు తేడాగా వచ్చి, కొత్తవాళ్లని చేర్చుకోవడం ఆపాల్సి వచ్చింది. అనుమానం ఎవరి మీదో తెలుసా? ఎడిటర్‌ని లివర్‌కి మోసుకెళ్లే కొవ్వు రేణువు మీద! తర్వాతి మందు వెర్వ్-102లో ఎడిటర్ అదే, దానికి చోటు చూపించే గైడ్ ఆర్ఎన్ఏ అదే, రేణువు ఒక్కటే మార్చారు. 2025లో మందుల కంపెనీ ఎలై లిల్లీ వెర్వ్‌ని కొనేసింది.

మీరు ఇలాంటి స్టార్టప్‌లో చేరబోతున్నా, డబ్బు పెట్టబోతున్నా ముందు ఇవి అడగండి. జీన్‌ని చెడగొట్టాలా, దిద్దాలా? ఏ కణంలో? అక్కడికి ఎలా చేరుస్తారు? అన్నిటికీ "క్రిస్పర్" అనే జవాబొస్తే, టీ తాగేసి వచ్చేయండి.