పరుగు నేర్చుకొనువారికి



మన కుటుంబములలో పలువురు ఉదయము మొదలు రాత్రి వరకు అంగడిలో కూర్చుండువారే. చక్కెర వ్యాధి మన యిండ్లకు క్రొత్త చుట్టము కాదు. అందుచేత చాకవేలులో కొందరు తెల్లవారుజామున పరుగు మొదలుపెట్టుట చూచి సంతోషించుచున్నాను. అయితే మొదటి దినముననే బాగేపల్లి రోడ్డు వెంట రొప్పుచు పరుగెత్తి, నాలుగవ దినమున మోకాలు పట్టుకొని కూర్చుండిన ఫలమేమి?

అమెరికాలో జోష్ క్లార్క్ అనువారు 1996లో క్రొత్తవారికై ఒక పద్ధతి యేర్పరచిరి. ఏబదియేండ్లు దాటిన తన తల్లిని దృష్టియందుంచుకొనియే దానిని కూర్చిరి. స్త్రీలకు పరుగేల యనువారు ఈ మాట గమనింతురు గాక. తొమ్మిది వారములు, వారమునకు మూడే దినములు. మొదటి వారమున 5 నిమిషములు చురుకుగా నడచి, పిదప 60 సెకండ్లు పరుగు, 90 సెకండ్లు నడక. ఇట్లు మార్చి మార్చి 20 నిమిషములు.

ఇంతేనా యని నవ్వకుడు. గుండె, ఊపిరితిత్తులు త్వరగా అలవాటుపడును. ఎముకలు, కీళ్లను పట్టియుంచు కట్లు మెల్లగా గట్టిపడును. ఆయాసము తగ్గినదని తొందరపడి వేగము పెంచినవారికి కాళ్లనొప్పులు వచ్చుట అందువలననే. క్రొత్త వర్తకుడు మొదటి సంతకే మూలధనమంతయు ఒడ్డునా? ప్రక్కవారితో తడబడక మాటలాడగలిగినంత వేగము చాలును. ఒక వారము కష్టమైనచో దానినే మరల చేయుడు; తొమ్మిది వారములు పండ్రెండైనను నష్టము లేదు. మన యువకులు దీనిని చిన్నతనముగా నెంచుట నాకు నచ్చదు.

ఇన్సులిన్, చక్కెర మాత్రలు వాడువారు వైద్యుని అడిగియే ఆరంభింపవలెను. జేబులో గ్లూకోజు ఉంచుకొనవలెను. ఛాతీలో నొప్పి తోచినచో, నలుగురు చూతురని సిగ్గుపడక, వెంటనే ఆగి ఆసుపత్రికి పోవలెను.