తల్లికి కుమార్తె చెల్లించిన కృతజ్ఞత
(తల్లుల ఆదివారమున స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మే నెల రెండవ ఆదివారమున తల్లులను ముందు వరుసలో కూర్చుండబెట్టి, పిల్లలచేత పువ్వులు ఇప్పించుట మన సంఘములలో వాడుకయైనది. ఇది ఎక్కడ నుండి వచ్చిందని అడిగితే అమెరికా నుండి అని చెప్పి ఊరుకుంటాము. నిజానికి పెండ్లి లేని, పిల్లలు లేని ఒక నడివయస్సు స్త్రీ, చనిపోయిన తన తల్లి కొరకు పట్టుబట్టి సాధించిన దినమిది. ఆ ఇద్దరి సంగతి ఈ పూట చెప్పుకొందాము.

తల్లి పేరు ఆన్ రీవ్స్ జార్విస్. 1832లో పుట్టింది. కాపురమున్నది పశ్చిమ వర్జీనియా కొండ ప్రాంతములో. పదిమందికి పైగా బిడ్డలను కన్నది గాని, పెరిగి పెద్దవారైనది నలుగురే. తట్టు, టైఫాయిడు, కంఠసర్పి ఆ రోజులలో ఇండ్లకు ఇండ్లనే ఖాళీ చేసేవి. మన తాతమ్మల కాలపు పల్లెలు ఎరిగినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. అయితే ఈ తల్లి ఏడ్చి ఊరుకోలేదు. 1858 ప్రాంతములో చుట్టుపట్ల ఊళ్ల తల్లులను కూడగట్టి సంఘములు పెట్టింది. మందులకు డబ్బు పోగుచేయుట, క్షయతో మంచమెక్కిన తల్లి ఇంట పనికి మనిషిని కుదుర్చుట, పిల్లలు త్రాగే పాలు మంచివో కావో చూచుట, ఇవి వారి పనులు. వైద్యుడైన ఆమె సహోదరుడు వీరికి తోడ్పడ్డాడు.

1861లో అంతర్యుద్ధము వచ్చి ఆ జిల్లా రెండుగా చీలిపోయింది. ఒకే వీధిలో ఒకడు ఉత్తర సేనలో, వాని పొరుగువాడు దక్షిణ సేనలో. శిబిరములలో టైఫాయిడు పుట్టగా ఆ తల్లుల సంఘములు ఏ పక్షపు సిపాయి అని అడుగక అందరికి ఉపచారము చేశాయి. యుద్ధము ముగిసిన తరువాత, 1868లో, పగలు చల్లారని ఆ రెండు పక్షముల కుటుంబములను ఆమె ప్రంటీటౌనులో ఒకచోట కూర్చింది. కొట్లాట జరుగునని అందరు భయపడ్డారు. జరుగలేదు. పార్టీ కక్షలతో ప్రభువు బల్ల దగ్గర కూడ ఎడముఖము పెడముఖముగా నిలిచే సంఘములు మనలోను ఉన్నవి గనుక ఈ సంగతి కొంచెము ఆగి చెప్పుచున్నాను.

ఆమె గ్రాఫ్టను పట్టణపు మెథడిస్టు దేవాలయములో చాల ఏండ్లు సండే స్కూలు నడిపింది. 1876లో ఒక ఆదివారము బైబిలులోని తల్లులను గూర్చి పాఠము చెప్పి, తల్లుల సేవను తలంచుకొనే దినమొకటి ఎవరైనా ఏర్పరచెదరు గాక అని ప్రార్థించిందట. ఆ తరగతిలో పండ్రెండేండ్ల కుమార్తె కూర్చుని విన్నది. ఆమె పేరు అన్నా. తల్లి ఆమెను పైచదువుకు పంపింది. తరువాత అన్నా ఫిలడెల్ఫియాలో ఒక భీమా కంపెనీలో మంచి ఉద్యోగము చేసింది. తల్లి చివరి దినములు ఆ పట్టణములోనే గడిచి, 1905 మే 9న కన్నుమూసింది. అప్పటికి కుమార్తెకు 41 ఏండ్లు.

ఆ ప్రార్థన కుమార్తె మరువలేదు. అధికారులకు, పాదిరులకు, వ్యాపారులకు ఉత్తరాల మీద ఉత్తరాలు వ్రాసింది. 1908 మే 10న గ్రాఫ్టను దేవాలయములో మొదటి ఆరాధన జరిగింది. తల్లికి ఇష్టమైన తెల్లని కార్నేషను పువ్వులు 500 పంపింది. 1914లో అధ్యక్షుడు విల్సను దానిని దేశమంతటికి ప్రకటించాడు.

కథ ఇక్కడితో ఆగితే సుఖముగా ఉండును. ఆగలేదు. పువ్వులవారు ధర పెంచారు, మిఠాయివారు డబ్బాలు కట్టారు, అచ్చువేసిన కార్డులు అంగళ్లకెక్కాయి. తల్లికి సొంత చేతితో నాలుగు ముక్కలు వ్రాయలేనివారే అచ్చు కార్డు కొంటారని ఆమె మండిపడేది. 1925లో ఒక సభలో పువ్వుల అమ్మకమును అడ్డగించబోగా పోలీసులు పట్టుకొన్నారు. ఉన్న ఆస్తి ఈ పోరాటములోనే కరిగి, చూపు తగ్గి, 1948లో 84వ ఏట ఒక ఆరోగ్యశాలలో చనిపోయింది. తల్లి ప్రక్కనే పాతిపెట్టారు. మరియొక సంగతి: ఆ దినము పేరు ఏకవచనములోనే ఉండవలెనని, ఎవరి తల్లిని వారు తలంచుకొనవలెనని ఆమె పట్టు. మనము "తల్లుల ఆదివారము" అనుట వింటే మనతోను తగవులాడేదే!

ఆమెను కొందరు మొండి మనిషి అన్నారు. నాకు మాత్రము ఆమె కోపములో న్యాయము కనబడుచున్నది. మార్కు సువార్త 7వ అధ్యాయములో ప్రభువు కొర్బాను అను మాట పట్టుకొని గద్దించినది ఎవరిని? తలిదండ్రులకు ఇవ్వవలసినదానిని దేవుని పేరు చెప్పి ఎగవేసినవారిని. మన కాలములో దేవుని పేరు కూడ చెప్పనక్కరలేదు, "తీరిక లేదు" అంటే చాలును. కాని ఒక మాట. తల్లి ప్రార్థించినది సేవచేసే తల్లుల దినము కొరకు. కుమార్తె దానిని ఇంటిలోని తల్లిని ప్రేమించే దినముగా చేసింది. పాలు పరీక్షించుట, రోగి ఇంట పనిమనిషిని పెట్టుట వెనుకబడ్డాయి. అవి కూడ నిలిచియుంటే పువ్వులవారికి అంత చోటు దొరికేది కాదేమో.

ఇప్పుడు మన ఇంటి మాట. వంటకు బియ్యము కొలిచినప్పుడెల్లా పిడికెడు తీసి కుండలో వేసి దేవునికి ప్రత్యేకించిన తల్లులు మనకున్నారు. ఇరుగుపొరుగు నవ్వినా, ఆడపిల్ల నెత్తిన పెట్టె పెట్టి బోర్డింగు స్కూలుకు నడిపించుకొనిపోయినవారు వారే. వారి కుమార్తెలే తరువాత టీచర్లు, నర్సులు, బైబిలు స్త్రీలు అయ్యారు. ఈ శతజయంతి కొరకు పాత రిజిస్టరులు తిరుగవేయగా ఆ తల్లులలో అనేకులకు పేరే లేదు, "ఫలానావాని భార్య" అని ఉన్నది. లోయి, యునీకేల పేర్లు పౌలు తన పత్రికలో వ్రాసియుంచినాడు గనుక మనకు తెలిసినవి.

కాబట్టి ఇక్కడ కూర్చున్న కుమార్తెలను ఒకటి అడుగుచున్నాను. మీ అమ్మ పేరు, ఆమె పుట్టినూరు, మిమ్మును చదివించుటకు ఏమి అమ్మిందో, ఎవరికి పురుడు పోసిందో, ఎవరి తగవు తీర్చిందో వ్రాసి వచ్చే ఆదివారము తెండి. అమ్మ బ్రతికియుంటే ఆమెనే అడిగి వ్రాయండి. కాగితము ఒకటి చాలును. వ్రాయలేనివారు ఆరాధన తరువాత వచ్చి చెప్పండి, నేనే వ్రాసుకొందును.