చేతికందిన చిన్న మొత్తము



నేను ఆర్థికశాస్త్రవేత్తను కాను. నెల చివరి వారమున జేబు తడుముకొను గుమాస్తాను. కావున మన అందరి యిండ్లలోను ఏటేట తలయెత్తు ఒక చిన్న ప్రశ్నను గూర్చి మాత్రమే నాలుగు మాటలు మనవి చేసెదను. జీతమునకు మించి కొంత సొమ్ము చేతికి వచ్చినపుడు దాని నేమి చేయవలెను?

మనలో పెక్కుమందికి ఆ సొమ్ము పండుగ బోనసు. 2014-15 నుండి దాని లెక్కకు నెలకు 7,000 రూపాయలు పరిమితి. ఆ లెక్కన ముప్పది దినముల అడ్‌హాక్ బోనసు 6,908 రూపాయలు. 2024-25 సంవత్సరమునకును అంతియే. ఈ నగరములో మగ్గములపై బ్రతుకు మన తెలుగు నేత సోదరులలో ఎందరికో ఈపాటి నిశ్చయమైన రాబడియు లేదు. కావున దీనిని చులకన చేయరాదు.

అయితే ఆ దినములలో సూరతు మనలను ఊరక కూర్చుండనీయదు. భోజనమునకు సూరతు, మరణమునకు కాశి అని ఇచటివారి సామెత. శరత్పూర్ణిమ మరునాడు చందీ పడవో పేర ఊరంతయు ఘారీ మిఠాయి తినును. పిల్లల చేయి పట్టుకొని ఆ అంగళ్లను దాటిపోవుట ఎవరి తరము?

ఒక యేడు మా యింట జరిగినది చెప్పెదను. అప్పుడు నాకు 6,000 రూపాయల అప్పు ఉండెను. వడ్డీ నూటికి నెలకు మూడు రూపాయలు. బోనసు సంగతి విని, వరంగల్లు జిల్లాలోని మా గ్రామమునుండి అమ్మ ఫోను చేసెను. "బిడ్డా, వానకాలమంతా ఇల్లు కురిసింది. ఇప్పుడైనా పెంకులు మార్పించు" అనెను. పిల్లవాడు సైకిలు అడిగెను. ఒక మిత్రుడు కొలది నెలలలో సొమ్ము రెట్టింపు చేయు పథకమున్నదనెను. నా మనసున మాత్రము అమ్మ మాటయే నిలిచెను. మరునాడే పంపెదనంటిని.

నా భార్య కాగితము తీసికొని లెక్క వేసెను. "ఏమండీ, ఈ అప్పుకు నెలకు 180, ఏడాదికి 2,160 రూపాయలు వడ్డీ కడుతున్నాము. ఇదే ఆరువేలు పోస్టాఫీసులో ఏడు శాతానికి వేసినా ఏడాదికి 420 మాత్రమే వస్తుంది. ముందు అప్పు తీర్చండి. నెలనెలా మిగిలే 180 అత్తమ్మకే పంపుదాము" అనెను.

లెక్క సరియైనదే. కాని కన్నతల్లి అడిగినది కాదని అప్పులవానికి సొమ్ము ముట్టజెప్పుట నాకు పాపమనిపించెను. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. తుదకు అప్పు తీర్చి, అమ్మకు అంతయు విప్పి చెప్పితిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప "సరే బిడ్డా, మాట తప్పకు" అనెను.

తప్పలేదు. ఎనిమిది నెలలలో 1,440 రూపాయలు పంపితిమి. మృగశిరకార్తె వచ్చునప్పటికి పగిలిన పెంకులు మారినవి. మరుసటి యేటి బోనసునకు అప్పులవాడు లేడు. సైకిలు వచ్చెను.

ఇక మొదటి యేడు మిగిలిన 908 రూపాయల మాట. అందు 500తో పోస్టాఫీసులో పొదుపు ఖాతా తెరచితిమి. 2006 ఆగస్టులో తాపీనది పొంగి ఈ నగరములో అధికభాగమును ముంచిన సంగతి మీలో పలువురు ఎరుగుదురు. అట్టి దినమున వెంటనే తీసికొనదగిన సొమ్ము కొంత ఉండవలెను. తక్కిన 408తో పిల్లలకు ఘారీ, టపాకాయలు కొంటిమి. ఆ ఖర్చునకు నేను చింతింపను. పండుగనాడు బిడ్డల నోరు కట్టిన పొదుపు నాలుగునాళ్లు నిలువదు.

మిత్రుడు చెప్పిన పథకమును మేము తాకలేదు. నియంత్రణ లేని డిపాజిట్లను నిషేధించుచు 2019లో చట్టమే వచ్చినది. చట్టము పిదప వచ్చి పట్టుకొనవచ్చును గాని, పోయిన సొమ్ము తిరిగి వచ్చునను నమ్మకము లేదు.

కావున నా మనవి ఇంతే. ముందు అధిక వడ్డీ అప్పు, తరువాత ఆపద్ధనము, ఆపై ముచ్చట. ఈ వరుసను ఆలుమగలు కూర్చుండి కాగితముపై వ్రాసికొనుడు. లేదని చెప్పవలసిన వారికి కారణముతో సహా చెప్పుడు. మనవారు సొమ్ము లేమిని సహింతురు గాని, దాపరికమును సహింపరు.