పాత భవనములకు విద్యుత్ పొదుపు: ధనమెక్కడిది?

(మన సంఘ సమావేశమున చేయబడిన ప్రసంగ పాఠము)



నేటి విషయము కొందరికి నీరసముగా తోచవచ్చును. విద్యుత్ బిల్లు, మిద్దె, సున్నము, అప్పు, వడ్డీ: ఇవి సభారంజకములైన మాటలు కావు. కాని చెన్నపురిలో మన పూర్వులు కట్టించిన సత్రములు, పాఠశాలలు, సభా మందిరములు, ఇండ్లు మరియొక తరము నిలుచునా యను ప్రశ్నకు సమాధానము ఈ మాటలలోనే యున్నది.

విక్టోరియా పబ్లిక్ హాలు చరిత్రను ఒక్కసారి జ్ఞాపకము చేసికొందము. 1882లో నగర ప్రముఖులు పచ్చయప్ప హాలులో సమావేశమై, పౌరులకొక పురమందిరము కావలెనని నిశ్చయించిరి. 1883 డిసెంబరు 17వ తేదీన విజయనగర ప్రభువులు పూసపాటి ఆనందగజపతిరాజుగారు శంకుస్థాపన చేసిరి. రాబర్టు చిషోమ్ రూపకల్పన చేయగా, తాటికొండ నంబెరుమాళ్ళు శెట్టిగారు దానిని కట్టిరి. మన హైకోర్టు భవనమును కట్టిన కంట్రాక్టరు కూడ ఆయనయే. 1891లో బళ్ళారి నుండి వచ్చిన ధర్మవరం కృష్ణమాచార్యులవారి సమాజము అక్కడ ఆడిన తెలుగు నాటకములను చూచి, పమ్మల్ సంబంధ మొదలియారుగారు సుగుణ విలాస సభను స్థాపించిరి.

ఇంతటి మందిరము దశాబ్దముల తరబడి శిథిలావస్థలో నుండెను. 2023లో నగర కార్పొరేషను సుమారు 32 కోట్ల రూపాయల అంచనాతో దాని పునరుద్ధరణకు పూనుకొన్నది. సంతోషమే. కాని కట్టుటకు చందాలిచ్చినవారు పెక్కుమంది యుండగా, నిలుపుటకు ఏర్పాటు లేకపోయినది. శంకుస్థాపనకు శిలాఫలకముండును, మిద్దె మరమ్మతుకు ఉండదు గదా!

విక్టోరియా హాలుకు కార్పొరేషను దిక్కు కలదు. జార్జిటౌనులోను, చింతాద్రిపేటలోను ఉన్న చిన్న ధర్మసంస్థలకు, కుటుంబముల ఇండ్లకు దిక్కెవ్వరు? 2010లో హైకోర్టు తీర్పు ప్రస్తావించిన జస్టిస్ పద్మనాభన్ సంఘపు జాబితాలో 467 పురాతన భవనములున్నవి. జాబితాలో చేరిన భవనమును యజమాని తన యిచ్చవచ్చినట్లు మార్చరాదు. ఇది న్యాయమే. అయితే నిబంధన వచ్చినంత సులభముగా నిధి రాదు. జాబితాకెక్కని పాత భవనములకైతే ఆ కాపుదల కూడ లేదు. నెలనెల వచ్చు విద్యుత్ బిల్లు, ఏటేట వచ్చు మరమ్మతు, రెండును కలసి యజమానిని విసిగించును. ఆ సమయమునకు భవన వ్యాపారి తలుపు తట్టును.

కనుక మొదట బిల్లు తగ్గించు మార్గమును చూతము. మన పెద్దలు చెన్నపురి యెండ నెరిగి కట్టిరి. మద్రాసు మిద్దె యనునది టేకు దూలములపై చిన్న ఇటుకలను ఏటవాలుగా నిలువున పేర్చి, ఇటుకరాళ్ళు కలిపిన సున్నమును దట్టించి, పైన పలుచని పెంకులు పరచిన కట్టడము. డంగు సున్నములో బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలిపెడివారు. ఎత్తైన కప్పు, మందమైన గోడ, వసారా, పైనున్న గవాక్షములు: ఇవన్నియు వేడిని వెలుపల నుంచి గాలిని లోనికి తెచ్చుటకే. నేడు మనము చేయుచున్నదేమి? గవాక్షములు మూసి, తక్కువ యెత్తున బూటకపు కప్పు దించి, ఎయిర్ కండిషనరు పెట్టుచున్నాము. ఊపిరి పీల్చు సున్నపు గోడలకు సిమెంటు పూసి తేమను లోపల బంధించుచున్నాము. గచ్చు పెచ్చులూడును, ఉప్పు పూయును, బిల్లు పెరుగును. పాత భవనము పనికిరాదను అపవాదు కూడ దానికే వచ్చును.

కావున పనులకొక వరుస యుండవలెను. మొదట నిపుణునిచే విద్యుత్ వినియోగ పరిశీలన చేయించవలెను. పిమ్మట మిద్దె కారుట మాన్పి, దానిపై తెల్లని సున్నపు పూత వేయించి, మూసిన గవాక్షములు తెరువవలెను. తరువాత పాత వైరింగు మార్చవలెను. ఇది పొదుపు కంటె ముందు ప్రాణరక్షణ. అటుపై దీపములు, పంకాలు, నీటి మోటారు. ఎయిర్ కండిషనరు నిజముగా అవసరమైన గదికి మాత్రమే. సౌరఫలకములు చివర, అదియు దూలముల బలము పరీక్షించిన మీదటనే.

లెక్క చెప్పెదను. ఒక మందిరములో పాత పంకాలు 40 ఉన్నవనుకొందము. ఒక్కొక్కటి 75 వాట్లు. నేటి బి.ఎల్.డి.సి. పంకా సుమారు 30 వాట్లతో తిరుగును. రోజునకు 10 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగినచో, 5,400 యూనిట్లు మిగులును. యూనిట్ 8 రూపాయలనుకొన్నచో ఏటికి 43,200 రూపాయలు. పంకా ఒక్కింటికి 3,000 చొప్పున పెట్టుబడి 1,20,000. మూడేండ్లు నిండకమునుపే ఆ సొమ్ము తిరిగి వచ్చును. అటుపై మిగులునది భవనమునకు శాశ్వతమైన ఆదాయము.

న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనము 1931 నాటిది, రక్షిత కట్టడము. 2009లో ప్రకటించిన పథకము ప్రకారము దాని 6,514 కిటికీలను పారవేయక అక్కడనే బాగుచేసి వాడుకొనిరి. శక్తి వినియోగము 38 శాతము, ఖర్చు ఏటికి 44 లక్షల డాలర్లు తగ్గునని అంచనా వేసిరి. జర్మనీలో ప్రభుత్వ బ్యాంకు పురాతన భవనములకు ప్రత్యేకమైన, కొంత సడలించిన ప్రమాణమును పెట్టినది. పురాతన భవనమును కొత్త భవనపు కొలతతో కొలువరాదను వివేకము అందులో కలదు.

ఇక ధనము. మన దేశమున మూడు దారులున్నవి. మొదటిది, పొదుపు నుండియే తీర్చు అప్పు. 2009లో స్థాపింపబడిన ప్రభుత్వరంగపు ఎనర్జీ ఎఫిషియెన్సీ సర్వీసెస్ సంస్థ పద్ధతి ఇదియే: పెట్టుబడి సంస్థది, మిగులు నుండి వాయిదాలు యజమానివి. ఇట్టి అప్పులకు సగము వరకు హామీ యిచ్చుటకై బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ద్వారా ఒక నిధి కూడ ఏర్పడినది. రెండవది, 2013 కంపెనీల చట్టము. పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో రెండు శాతము సామాజిక కార్యములకు వెచ్చించవలెను. చారిత్రక ప్రాముఖ్యము గల భవనముల పునరుద్ధరణ, ప్రకృతి వనరుల పరిరక్షణ, రెండును ఆ షెడ్యూలులో నున్నవి. మూడవది, 1996లో ఏర్పడిన జాతీయ సంస్కృతి నిధి.

అయితే ఒక చిక్కు కలదు. 40 పంకాల సత్రము కొరకు ఏ బ్యాంకు దస్త్రము తెరచును? ఏ కంపెనీ మనుష్యుని పంపును? చిన్న పనికి పెద్ద దస్త్రము గిట్టదు. పది భవనములు కలసి ఒకే పరిశీలన, ఒకే కొనుగోలు, ఒకే అర్జీ చేసినచో గిట్టును. ఆ పదింటిని కలుపగలిగినది మన సంఘము వంటిదే.

కావున నా ప్రతిపాదన యిది. సంఘము ఒక చిన్న తిరుగు నిధిని నెలకొల్పవలెను. మొదటి సంవత్సరము రెండు మూడు భవనములకు దీపములు, పంకాలు, వైరింగు. మిగిలిన బిల్లు సొమ్ము నిధికి తిరిగి రావలెను. వచ్చిన సొమ్ము తరువాతి భవనమునకు పోవలెను. అప్పు తీరిన పిమ్మట మిగులును సగము మిద్దె మరమ్మతుకే యుంచవలెను, ఉత్సవములకు ముట్టరాదు. ప్రతి భవనపు బిల్లును నెలనెల నోటీసు బల్లపై అంటించవలెను. బిల్లు తగ్గుట కన్నులకు కనబడినగాని చందా రాదు. కంపెనీల విరాళములు కోరు ట్రస్టులు 2021 నుండి కావలసిన సి.ఎస్.ఆర్.-1 నమోదును, ఆదాయపు పన్ను రాయితీ పత్రములను, యాజమాన్యపు దస్తావేజులను ఇప్పుడే సరిచూచుకొనవలెను. ధనము కంటె ముందు కాగితములు కావలెను.

అమ్మివేసి, ఆ సొమ్ముతో ఎక్కడైన కొత్త హాలు కట్టుకొనరాదా యని మిత్రులొకరు అడిగిరి. కట్టుకొనవచ్చును. కాని ఒకప్పుడు కాల్చిన ఆ ఇటుకను, నూరిన ఆ సున్నమును చెత్తలో పోసి, మరల కొత్తగా సిమెంటు కాల్చి ఉక్కు కరగించుట పొదుపెట్లగును? పైగా మన పేరున మన పెద్దలు విడిచిన చోటు నగరము నడిబొడ్డున మరల దొరకదు.

వారు కట్టుటకు చందా యిచ్చిరి. మనము నిలుపుటకు ఇచ్చెదము. వచ్చు సమావేశమునకు మీ భవనముల పన్నెండు నెలల విద్యుత్ బిల్లులను వెంట తెండు. అచ్చటి నుండి ఆరంభింతము.