భివండీలో హవల్దారు నోటుబుక్కు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పోలీసులు, ప్రజల మధ్య నమ్మకం గురించి మాట్లాడమని కార్యదర్శి ఫోన్ చేస్తే, మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల మనిషిని, నాకేం తెలుసు అన్నాను. "నువ్వు భివండీల ఉన్నవు గదా, ఆ ముచ్చటే చెప్పు" అన్నాడు. సరే, అదే చెబుతాను.

మనం ఠాణా అంటే భయపడుతూ పెరిగినవాళ్లం. అన్నం తినకపోతే పోలీసోనికి పట్టిస్తానని అమ్మలు బెదిరించేవారు. మా నాయిన సైకిలు పోయినప్పుడు ఠాణాకు పోలేదు. "సైకిలు పోయింది చాలదా, ఉన్న పరువు గూడ పోవాల్నా" అన్నాడు. ఇంకో సైకిలు కొనడానికి చేసిన అప్పు రెండేళ్లు కట్టాడు.

1991లో ఇంజినీరింగ్ అయ్యాక ఉద్యోగం దొరకలేదు. మన సిరిసిల్ల నుంచి చాలామంది పోయినట్టే నేనూ భివండీ పోయి చిన్నాయన ఖోలీలో దిగాను. సాంచాల మోటార్లు బాగుచేయడం పని. పద్మశాలీలు ఉండే గల్లీ మాది. దాని వెనకే ముస్లింల గల్లీ. అటూ ఇటూ సాంచాల మోతే.

ఆ ఊరికి చెడ్డ చరిత్ర ఉంది. 1970లో, మళ్లీ 1984లో మతకలహాల్లో తగలబడింది. 1970 అల్లర్లను విచారించిన జస్టిస్ మాడన్ కమిషన్ పోలీసుల పక్షపాతాన్ని గట్టిగా తప్పుపట్టింది. అలాంటి ఊరికి 1988లో సురేశ్ ఖోపడే అనే డిప్యూటీ కమిషనర్ వచ్చాడు. దాదాపు 70 మొహల్లా కమిటీలు పెట్టించాడు. ఒక్కోదాంట్లో హిందువులు, ముస్లింలు సమానంగా ఉండాలి, వాళ్లతో పోలీసులు కూర్చోవాలి.

మా కమిటీకి చిన్నాయన నన్ను వెంటబెట్టుకుపోయాడు, చదువుకున్నవాణ్ణని. చాయ్ హోటల్ ముందు నాలుగు బల్లలు. మతసామరస్యం మీద ఉపన్యాసాలు ఉంటాయనుకున్నాను. ఆ మాటే రాలేదు. నల్లా నీళ్లు వస్తలేవు, మోరీ నిండింది, తాగొచ్చి గొడవ చేస్తున్నారు... ఇవే. ముస్లింల గల్లీ నుంచి వచ్చిన ఒకాయన, రెండు గల్లీల మధ్య దీపం లేక రాత్రి షిఫ్టు వాళ్లకు ఇబ్బందిగా ఉందన్నాడు. హవల్దారు అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాడు.

రాసుకోవడం ఎవరైనా చేస్తారు. తర్వాతిసారి వచ్చి ఆ పేజీయే తీసి చదివాడు. ఇది అయింది, ఇది కాలేదు, ఎందుకు కాలేదంటే ఇందుకు. నాకు ఆశ్చర్యమేసింది ఆ 'కాలేదు' అన్నచోటే. ఖాకీ బట్టల మనిషి, మాలాంటి సాంచాల కూలీల ముందు నిలబడి, తనవల్ల కానిదాన్ని ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. దీపం ఐదో మీటింగుకు గానీ వెలగలేదు. ఆ ఐదుసార్లూ అడిగినవాడు అడిగాడు, ఈయన జవాబు చెప్పాడు.

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. పక్కనే బొంబాయి అంటుకుంది. ఆ డిసెంబరులో, మళ్లీ జనవరిలో కలిపి అక్కడ దాదాపు 900 మంది చనిపోయారని శ్రీకృష్ణ కమిషన్ లెక్క. మా గల్లీలో ఒక రాత్రి పుకారు లేచింది, వెనక గల్లీ వాళ్లు కిరోసిన్ డబ్బాలతో వస్తున్నారని. సాంచాలు బంద్ చేశారు. నేను సర్టిఫికెట్లు చొక్కాలో దోపుకున్నాను. చిన్నాయన చేతిలో ఇనుప కడ్డీ.

అప్పుడు వచ్చాడు హవల్దారు. వెంట చాయ్ హోటల్ ముస్లిం సేట్, మా కుల పెద్దమనిషి. "ఎవరు చూశారు? చూసినవాడు ముందుకు రండి" అన్నాడు. ఎవరూ రాలేదు. అందరూ విన్నవాళ్లే. "మీలో నలుగురు నాతో రండి, చూసొద్దాం" అన్నాడు. నేనూ పోయాను, కాళ్లు వణుకుతూనే. ఆ దీపం కిందుగా నడిచి వెనక గల్లీలోకి పోతే, అక్కడా మగవాళ్లు కర్రలు పట్టుకొని నిలబడి ఉన్నారు. మేం వస్తున్నామని వాళ్లకు ఎవరో చెప్పారట! మీటింగులో పక్కపక్కన కూర్చునే ముఖాలే. ఒకాయన నవ్వాడు, తర్వాత అందరం నవ్వాం.

భివండీలో అప్పుడు అల్లర్లు జరగలేదు. అంతా కమిటీల వల్లే అని నేననను, ఎన్నో కారణాలు ఉంటాయి. మా గల్లీలో మాత్రం ఆ రాత్రి నేను కళ్లారా చూశాను.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ 2006 జులైలో అదే భివండీలో, కబరస్తాన్ పక్కన పోలీస్ స్టేషన్ కట్టే విషయంలో గొడవ లేచింది. పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ వెంటనే జనం ఇద్దరు కానిస్టేబుళ్లను చంపేశారు. నేను చిన్నాయనకు ఫోన్ చేసి, కమిటీ ఏమైందని అడిగాను. చాలాసేపు ఆలోచించాడు. "మీటింగులు ఎప్పుడు బంద్ అయినయో యాదికి లేదు బిడ్డా. ఆ హవల్దారుకు బదిలీ అయింది. కొత్తాయన పేరు ఎవలకు తెల్వదు" అన్నాడు.

నా వృత్తిలో ఇది రోజూ చూసేదే. మోటారు బాగా తిరుగుతోంది కదా అని బేరింగులకు గ్రీజు పెట్టడం మానేస్తారు. కాలిపోయాక నన్ను పిలుస్తారు. ఇప్పుడు నేను సీసీ కెమెరాలకు కూడా కరెంటు లైన్లు వేయిస్తున్నాను. అవి మంచివే, దొంగ ముఖం చూపిస్తాయి. మా నాయిన లాంటివాణ్ణి ఠాణా మెట్లెక్కించడం వాటివల్ల కాదు.

మన పూర్వ విద్యార్థుల్లో నలుగురు పోలీసు శాఖలో ఉన్నారు, ఇద్దరు ఈ సభలోనే ఉన్నారు. భోజనాల దగ్గర వాళ్లతో మాట్లాడాను. నెలకో ఆదివారం మన బడిలో ఊరి వాళ్లతో కూర్చోవాలని అనుకున్నాం. ఏం రాసుకున్నారో వచ్చే నెల చదివి వినిపించాలని నా షరతు. ఒకతను "అన్నా, నాకు బదిలీ అయితే?" అన్నాడు. నోటుబుక్కు బడి బీరువాలోనే ఉంచుదాం, తర్వాత వచ్చినవాళ్లు అదే పేజీ నుంచి మొదలుపెడతారు అన్నాను. తొమ్మిదో తరగతి గది ఇస్తామని హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు. ఆ గదిలో బెంచీలు విరిగి ఉన్నాయి. వాటిని బాగుచేయించే ఖర్చు మా 1985 బ్యాచ్‌ది.