కొత్త ప్లేస్ అడిగేవాళ్లకు మన ఊరి పేరు చెప్పేముందు

(మేడ్చల్ దగ్గర రావల్కోల్‌లో జరిగిన ఆదివాసీ యువత సమావేశంలో మాట్లాడిన మాటలు)



ఆదిలాబాద్ నుంచి గోండు, కొలాం మిత్రులు వచ్చారు. భద్రాచలం కోయ మిత్రులున్నారు. మా పాడేరు వైపు నుంచి వచ్చి ఇక్కడ కంపెనీల్లో పనిచేస్తున్నవాళ్లూ కనిపిస్తున్నారు. నన్ను టూరిజం మీద మాట్లాడమన్నారు. మొదట నవ్వొచ్చింది. టూరిజంలో మనమెప్పుడూ ఫొటోలో వెనకాల నిలబడేవాళ్లమే కదా, మాట్లాడేవాళ్లం ఎప్పుడయ్యాం అనుకున్నా.

మాది అనంతగిరి మండలం. విశాఖపట్నంలో డిగ్రీ చదివిన మూడేళ్లూ క్లాస్‌మేట్లు నన్ను అడిగింది ఒకటే: "అరకు, బొర్రా చూసేశాం రా, జనానికి తెలీని కొత్త ప్లేస్ ఏదైనా చెప్పు." జనానికి తెలీదంటే ఏంటి? అక్కడ మా మేనత్త వాళ్లుంటారు. వాళ్లు జనం కాదా?

సరే, వాళ్లని తప్పుపట్టను. బీచ్ చూసి చూసి విసుగొచ్చిన నగరానికి కొండ కావాలి. సుమారు వంద కిలోమీటర్ల దూరంలో మేమున్నాం. చూడాల్సినవి నిజంగానే ఉన్నాయి. బొర్రా నుంచి జీపు ఎక్కి, తర్వాత నడిస్తే కటికి జలపాతం. డుంబ్రిగుడ వైపు చాపరాయి. పాడేరు పైన వంజంగి, తెల్లారకముందే కొండెక్కితే మేఘాలు కాళ్ల కింద ఉంటాయి. చింతపల్లి మండలంలో లంబసింగి, చలికాలంలో మంచు గడ్డకట్టే ఊరు. హుకుంపేట మండలంలో మత్స్యగుండం ఉంది. అక్కడి చేపల్ని ఎవరూ పట్టరు, దేవుడి చేపలని మొక్కుతారు. అటవీశాఖ బోర్డు పెట్టి కాపాడుతున్న చేపలు కావవి, మనవాళ్ల మాట మీద బతుకుతున్న చేపలు.

అక్కడికి వెళ్లే రైలు గురించి కూడా తెలుసుకోండి. 2017లో అద్దాల పెట్టె తగిలించాక కొత్తవలస-కిరండూల్ లైను యూట్యూబ్‌లో బాగా పాపులర్ అయింది. సొరంగాలు లెక్కపెడుతూ వీడియోలు తీస్తారు. 1960ల్లో ఆ లైను వేసింది మనల్ని ఎక్కించుకోవడానికి కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు దించడానికి. ఘాట్ రోడ్డులో గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర అందరూ సెల్ఫీలు దిగుతారు. ఆ గాలికొండలో బాక్సైట్ ఉంది. మన కొండను ఒకడు అందం అంటాడు, ఇంకొకడు ఖనిజం అంటాడు. ఇద్దరికీ దారి మన గుమ్మం ముందు నుంచే.

బొర్రా గుహల్లో సున్నపురాయి ఆకారాలు చూపించి గైడు శివలింగం అంటాడు, ఏనుగు అంటాడు. ఆ అనంతగిరి మండలం నుంచే దేశానికి ఒక తీర్పు వచ్చిందని మాత్రం చెప్పడు. నిమ్మలపాడు వైపు గిరిజనుల భూముల్లో మైనింగ్ లీజులు ఇస్తే మనవాళ్లు ఎదురు తిరిగారు. సమత సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు ఇవ్వకూడదన్నది ప్రభుత్వానికి కూడా వర్తిస్తుంది. ప్రైవేటు కంపెనీకి లీజు చెల్లదు. అక్కడ పనిచేసే పరిశ్రమల నికర లాభంలో కనీసం 20 శాతం గిరిజనుల నీళ్లకు, బడికి, ఆస్పత్రికి పక్కన పెట్టాలి. సమత తీర్పు అంటే ఇదే. గనికి చెప్పిన న్యాయం టికెట్ కౌంటర్‌కు ఎందుకు వర్తించకూడదని మనం అడగాలి. గుహ చూడ్డానికి కట్టే ప్రతి టికెట్టులో ఆ చుట్టుపక్కల ఊళ్లకు వాటా ఎంత?

ఇందాక మేడ్చల్ నుంచి ఇటు వస్తుంటే ఫామ్‌హౌస్ గోడలు, వెంచర్ల జెండాలు, రిసార్టు బోర్డులు చూశారు కదా. శని, ఆదివారాలు వస్తే హైదరాబాద్ శామీర్‌పేట వైపు కదులుతుంది. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఇక్కడి రైతు అవసరానికి అమ్ముకుంటే ఆపే చట్టం లేదు. నగరం చుట్టూ ఏ ఊరికెళ్లినా పొలం అమ్మేసి ఆ గేటు దగ్గరే వాచ్‌మన్ అయినవాళ్లు కనిపిస్తారు. మనకూ అరకులో ఆ గతి పట్టకుండా ఇన్నాళ్లు ఆపింది 1/70.

ఈ పేరు అందరం అంటాం, లోపల ఏముందో చదివినవాళ్లు తక్కువ. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో గట్టిగా సవరించారు, అందుకే 1/70. ఏజెన్సీలో భూమి గిరిజనుడికి, లేదంటే పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి మాత్రమే బదిలీ కావాలి. అమ్మకమే కాదు, తాకట్టు, దానం, లీజు కూడా బదలాయింపే. ఈ లీజు అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఇంకొకటి, గిరిజనేతరుడి చేతిలో భూమి కనిపిస్తే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే, మనం కాదు.

2025లో ఏం జరిగిందో మర్చిపోకండి. పర్యాటకం పెరగాలంటే 1/70ని సవరించాలన్న అర్థంలో ఆంధ్ర అసెంబ్లీ స్పీకర్ అయ్యన్నపాత్రుడు మాట్లాడారు. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో ఏజెన్సీ 48 గంటలు బంద్ అయింది. చట్టాన్ని రద్దు చేసే ఆలోచన లేదని ముఖ్యమంత్రి చంద్రబాబు ప్రకటించారు. గెలిచాం అనుకుని మనవాళ్లు ఇళ్లకు పోయారు. నాకైతే ఆ ధీమా లేదు. చట్టం రద్దు చేయక్కర్లేదు, పక్క దారిలో నడిస్తే చాలు. బోర్డు మీద మన చిన్నాన్న పేరు, పెట్టుబడి మైదానంవాళ్లది. స్టాంపు పేపర్ మీద పదేళ్ల అగ్రిమెంటు, నెలకు ఇంత అని చేతిలో పెట్టడం. టెంట్లు వాళ్లవి, బాత్రూములు కడిగేది మన చెల్లెళ్లు. పేరు మనది, సంతకం మనది, గల్లాపెట్టె వాళ్లది.

టూరిస్టులు రావద్దని నేను అనను. అలా అనేవాళ్లు మనలో ఉన్నారు, వాళ్ల కోపం నాకు తెలుసు. థింసా మన పండగ ఆట. దాన్ని క్యాంప్‌ఫైర్ దగ్గర గంటకింత అని ఆడించడం చూస్తే నాకూ కడుపు మండుతుంది. అయినా అరకులో వలిసె రైతుల్ని చూడండి. నవంబరులో చేను పచ్చగా పూస్తే కార్లు ఆపి లోపలికి దిగి ఫొటోల కోసం పంట తొక్కేసేవాళ్లు. రైతులు చుట్టూ కర్రలు పాతి, తాడు కట్టి, మనిషికి ఇంత అని పెట్టారు. ఎవరూ వాళ్లకు టూరిజం ట్రైనింగ్ ఇవ్వలేదు. పూలు చూసినవాడు డబ్బిస్తాడు, గింజ రైతుకే మిగులుతుంది. కాఫీ కూడా అంతే. 2019లో అరకు కాఫీకి జీఐ గుర్తింపు వచ్చింది. పండు కోసే నెలలు, టూరిస్టులు వచ్చే నెలలు దాదాపు ఒకటే. తోటలో కూర్చోబెట్టి, పప్పు ఎలా తీస్తారో చూపించి, కప్పు కాఫీ పోసి డబ్బు తీసుకునే హక్కు ముందు తోట పెంచినవాళ్లది.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 1996 నాటి పెసా ఉంది, ఆంధ్రలో 2011లో నియమాలు వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ మన సాంస్కృతిక, ప్రకృతి వారసత్వాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. కుంటాల దగ్గరా, బొగత దగ్గరా ఉండే మిత్రులకు కూడా ఇది పనికొస్తుంది.

వలిసె పూత రాకముందే మీ ఊళ్లో గ్రామసభ పెట్టించండి. బండి ఎక్కడిదాకా రావాలి, రుసుం ఎంత, ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడాలి, ప్లాస్టిక్ ఎవరు కిందికి మోయాలి, అసలు ఏ చోటుకి ఎవరినీ రానివ్వకూడదు, ఇవన్నీ తీర్మానంలో రాయించండి. మత్స్యగుండం లాంటి చోట్ల నియమాలు పూజారి చెప్పినట్టే రాయండి. టెంట్లు నడపాలంటే మన కుర్రాళ్లే సహకార సంఘం పెట్టుకోవచ్చు. తీర్మానం కాపీ మండలాఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఎవరైనా బినామీ అగ్రిమెంటు చేసుకున్నారని తెలిస్తే గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, నోటిమాటగా కాదు.

రాయడం అలవాటు లేనివాళ్లు మొహమాటపడకండి. భోజనాలయ్యాక ఆ చెట్టు కింద కూర్చుంటా. మీ ఊరి పేరు, జలపాతం పేరు, సర్వే నంబరు తెలిస్తే అదీ చెప్పండి. తీర్మానం ముసాయిదా ఇవాళే రాసుకుని వెళ్దురు గాని.